కారు ముసుగులూ కట్టెల పొయ్యీ

లాలాపేట్‌లో ఆ గల్లీకి నీళ్లు బందయింది కార్ల కంపెనీ వల్లేనని అందరూ అంటారు. నేను కాదనను. కానీ ఆ కంపెనీ చేతికి కత్తెర అందించింది నేను. ఈ ముక్క ఒప్పుకోకుండా మిగతాది ఎంత నిజం రాసినా దొంగరాతే అవుతుంది కనుక ముందే రాసేస్తున్నాను.

నేను ఐదో తరగతి దాటలేదు. యూనివర్సిటీ లైబ్రరీలో అటెండరుగా చేరి, పుస్తకాలు మోసీ, దులిపీ, ర్యాకుల్లో సర్దీ, అదే కొలువులో రిటైరయ్యాను. మోసినవాటిని చదివాను. డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. డాక్టరేట్ చేసే పిల్లలు పుస్తకం ఏ ర్యాకులో ఉందని అడగడం మానేసి, అందులో ఏముందో నన్నే అడిగే రోజులొచ్చాయి. ఆ తర్వాత నాకు మనుషులు ఆనలేదు. ఎవరు తప్పు లెక్క చెప్పినా, తప్పు సంవత్సరం చెప్పినా, పదిమందిలో పట్టుకుని దిద్దేవాణ్ణి. దిద్దించుకున్నవాడి ముఖం ఎలా మాడిపోయిందో నాకు ఈరోజుకీ గుర్తే. ఆ ముఖాలన్నీ నా ఆస్తి అనుకునేవాణ్ణి.

లైబ్రరీ గేటు దగ్గర వాచ్‌మన్ నా ఒక్కగానొక్క దోస్తు. ఒకరోజు అతను ఆలస్యంగా వచ్చాడు. హాజరు రిజిస్టరు ఆ పూట నా చేతిలో ఉంది. పది నిమిషాలే. ఇంకెవరైనా వేళకే వచ్చినట్టు రాసేవారు. నేను పది నిమిషాల ఆలస్యమని రాశాను. అతనికి మెమో వచ్చింది.

"నిజమే గదనే, నేను లేటొచ్చిన," అని నవ్వాడు. మర్నాడు ఇంటి నుంచి సర్వపిండి తెచ్చి నా ముందు పెట్టాడు. ఆ నవ్వును మెచ్చుకోలు అనుకున్నాను. అంత మూర్ఖుణ్ణి.

అతను పోయాక, లాలాపేట్‌లో అతను కట్టుకున్న ఇల్లూ, పక్కనే ఉన్న రేకుల షెడ్డూ కూతురి చేతికొచ్చాయి. నన్ను పెద్దనాయినా అని పిలుస్తుంది. కుట్టుపని బాగా వచ్చిన మనిషి. షెడ్డులో మిషన్లు వేసి, తనతో కలిపి ఏడుగురు ఆడవాళ్లతో కార్లకు ముసుగులు కుట్టే పని పెట్టింది.

మామూలు కార్లకు కావు. ఆ గల్లీలోకి అలాంటి కారు ఒకటి రావాలంటే రెండు వైపులా అరుగులు కూల్చాలి. కొత్త కారుతో పాటు కంపెనీ ఒక ముసుగు ఇస్తుంది, ఎండా దుమ్మూ తగలకుండా. పైన మందపాటి నూలు బట్ట, లోపల మెత్తటి ఫ్లానెల్, కింద ఎలాస్టిక్, ముందు భాగంలో కంపెనీ గుర్తు. బట్టకు పోచ లేస్తే కారు రంగు మీద గీత పడుతుందని, కుట్టే ఆడవాళ్లు గాజులు తీసి పక్కన పెట్టాలి. ముక్కలు మిగిలితే తూకం వేసి వెనక్కి పంపాలి. ఆ మెత్తటి బట్ట జానెడు కూడా ఆ ఏడుగురి ఇళ్లలో ఏ పసిబిడ్డ కిందా పరుచుకోలేదు.

షెడ్డుకు వేరే పని లేదు. ఆ ఒక్క ఆర్డరు మీదే ఏడుగురూ బతుకుతున్నారు. ఆర్డరు పోతే షెడ్డుకు తాళమే. ఇది నాకు మొదటి నుంచీ తెలుసు.

ఆ షెడ్డులో రెండు పాత అలవాట్లు ఉండేవి. ఒకటి బోరు. వాచ్‌మన్ బతికున్న రోజుల్లో ఒక ఎండాకాలం గల్లీ అంతా బిందెలు పట్టుకుని తార్నాక దాకా నడిచింది. అప్పుడు అతను తన గోడ లోపల బోరు వేయించి, మోటరును తన మీటరుకే కలిపి, గల్లీ పొడుగునా పైపు గుంజాడు. ఇంటికో అరగంట వంతు. ఎవరి వాల్వు వాళ్లు తిప్పుకోవాలి. వంతు తప్పినవాళ్లని గల్లీయే తిట్టేది, అతను కాదు.

రెండోది అన్నం. పొద్దున పనికొచ్చేటప్పుడు ప్రతి మనిషీ ఒక గ్లాసెడు బియ్యం తెస్తుంది. ఎవరు ముందొస్తే వాళ్లు ఎసరు పెడతారు. ఒకరివి రేషను బియ్యం, ఒకరివి సన్నాలు, ఒకరివి పాతవి, ఒకరివి నిన్న మొన్న పట్టించినవి. అన్నీ ఒకే గిన్నెలో. పక్క వీధి వడ్రంగి పారేసిన చెక్క ముక్కలే పొయ్యిలోకి. సగం పలుకుగా, సగం ముద్దగా ఉండే ఆ అన్నం ఒక్కనాడూ సరిగ్గా ఉడకలేదు. ఎలాస్టిక్ కుట్టే పెద్దామె క్రైస్తవురాలు. ఆమె కళ్లు మూసుకుని ప్రార్థన ముగించేదాకా ఎవరూ కంచంలో చేయి పెట్టరు.

"జల్ది కానియ్ అక్కా, దేవునికి గూడ ఆకలైతది," అని పక్కనున్నామె గొణిగితే, పెద్దామె కళ్లు తెరవకుండానే ఆమె తొడ మీద గిల్లేది.

ఒకరోజు కంపెనీ ఆఫీసరు వచ్చాడు. ముప్పై దాటిన మనిషి. ఊరి నుంచి వచ్చి చదువుకుని హబ్సిగూడ అపార్ట్‌మెంట్లో స్థిరపడ్డవాడు. చేతిలో ఎప్పుడూ స్టీలు సీసా ఉండేది. ప్లాస్టిక్ ముట్టడట. ఆ సీసాను షెడ్డు బోరు దగ్గరే నింపుకునేవాడు.

"మేడం, సింపుల్ ముచ్చట," అన్నాడు వాచ్‌మన్ కూతురితో. "మా కంపెనీ ప్రపంచానికి మాటిచ్చింది. కార్లు తయారయ్యే కాడ, మాకు సామాను పంపే కాడ, ఎంత కార్బన్ అయితుందో మొత్తం లెక్క తీసి తగ్గిస్తం అని. మీరు గూడ మా ఫ్యామిలీనే గద. మీ లెక్క గావాలె."

"మా కాడ పొగెక్కడిది సార్? మిషన్లు కరెంటు మీద నడుస్తయి."

"కరెంటు గూడ పొగనే మేడం. బొగ్గు కాలిస్తేనే గద వచ్చేది."

అతను ఫోనుకు పంపిన ఫారం ఇంగ్లీషులో ఉంది. ఆమె దాన్ని తార్నాకలో జిరాక్సు షాపు దగ్గర ప్రింటు తీయించి, అక్కడే ఉన్న నా గదికి తెచ్చింది.

"పెద్దనాయినా, గిది జెర నింపియ్యి. నాకు తల తిరుగుతున్నది. తక్కువనే పడేటట్టు చూడు."

"తక్కువ చూసుడేంది బిడ్డా? ఉన్నది రాస్త."

ఉన్నది రాయడానికి నేను ఎంత సంబరపడ్డానో చెబితే సిగ్గు. పదేళ్లుగా ఎవరూ నన్ను ఏదీ అడగలేదు. యూనివర్సిటీ రీడింగ్ రూముకు వెళ్లి, కరెంటు యూనిట్లను కార్బన్‌గా ఎలా మార్చాలో, కట్టెల బరువును ఎలా మార్చాలో నోట్సు రాసుకున్నాను. తర్వాత ముల్లు తక్కెడ పట్టుకుని షెడ్డుకు వెళ్లి, వారం రోజులు పొయ్యిలోకి పోయే చెక్క ముక్కలను తూచాను.

"ఏంది పెద్దమనిషీ, మమ్ముల గూడ తూకమేస్తవా?" అని అడిగింది పెద్దామె.

"నిన్నేస్తే ముల్లు ఇరుగుతది అక్కా," అంది పక్కనున్నామె. ఏడుగురూ నవ్వారు. నేను నవ్వలేదు. తూకం తప్పుతుందని.

మీటరు దగ్గర వాచ్‌మన్ కూతురు నా చేయి పట్టుకుంది. "గా మోటరు మనది గాదు పెద్దనాయినా. గల్లీది. గది ఇడిసిపెట్టు."

"మీటరు ఎవరి పేరు మీదున్నది?"

"బాపు పేరు మీద."

"బోరు ఏడున్నది?"

"మన గోడ లోపల్నే."

"ఇగ మనదే. ఫారంల ఏమున్నది? ఆవరణ లోపల వాడిన కరెంటు, కాల్చిన కట్టె, మొత్తం అని ఉన్నది. మొత్తం అంటే మొత్తం."

"అన్నం గూడనా?"

"అన్నం గూడ."

ఆ ఫారం అసలు ఉద్దేశం ముసుగులు కుట్టడానికి ఎంత కరెంటు ఖర్చవుతుందో తెలుసుకోవడమే. బుద్ధున్న గుమస్తా ఎవడైనా గల్లీ మోటరునూ, అన్నం గిన్నెనూ పక్కన పెట్టేవాడు. కంపెనీవాళ్లు కూడా ఏమీ అనేవాళ్లు కాదు. కానీ మొత్తం అనే మాట కనబడేసరికి నేను పది నిమిషాల ఆలస్యం రాసిన మనిషినైపోయాను. పైగా నా వైపు నుంచి ఒక పేజీ ఇంగ్లీషు నోటు జతచేశాను. ప్రహరీ లోపల వెలిగేదీ, తిరిగేదీ, కాలేదీ ఏదీ వదలకుండా లెక్కించడమైనది అని. ఆ వాక్యం కింద గీత కూడా గీశాను.

కొన్ని వారాలకు ఆఫీసరు మళ్లీ వచ్చాడు. నన్నూ పిలిపించారు. ల్యాప్‌టాప్ తెరిచి చూపించాడు. దేశమంతా వాళ్లకు సామాను పంపే చిన్న చిన్న షెడ్లన్నీ పచ్చ చుక్కలు. మాది ఎర్ర చుక్క.

"ఇది ఎవరు నింపిండ్రు మేడం? సూపర్. ఇంత డీటెయిల్ మాకు ఎవ్వరియ్యలే."

"నేనే," అన్నాను, ఛాతీ విరిచి.

"గ్రేట్ అంకుల్. కానీ ప్రాబ్లం ఏందంటే, ఒక్కో ముసుగుకు మీ కాడ వస్తున్నంత కార్బన్ ఇంకేడ లేదు. ఒక ముసుగు కుట్టేతందుకు ఇంతనా అని పైనోళ్లు పరేషాన్ అయితున్రు. వచ్చే రివ్యూ లోపల సగానికి తేవాలె. లేకుంటే ఆర్డర్ వేరే వాళ్లకు పోతది."

వాచ్‌మన్ కూతురు ముఖంలో రక్తం లేదు. "సార్, అండ్ల గల్లీ నీళ్లు గలిసినయి. మా అన్నం గలిసింది. గవి తీసేసి మల్ల రాసిస్తం."

"బేస్‌లైన్, అంటే మీ మొదటి లెక్క, లాక్ అయిపోయింది మేడం. ఒక్కపారి పంపినంక మార్చనీకి రాదు." అతను సీసాలో నీళ్లు ఒక గుక్క తాగాడు. "ఫికర్ చేయకుండ్రి. ఎక్కువ ఉండుడే మంచిది. తగ్గించుడు ఈజీ. గా మోటర్ కనెక్షన్ తీసేయండి, పొయ్యి ఎత్తేయండి. సగం కాదు, అంతకన్న ఎక్కువనే తగ్గుతది. మిషన్ల జోలికే పోయే పని లేదు."

"మోటరుకు వేరే మీటరు పెట్టిస్తం," అన్నాను నేను.

"వేరే మీటర్ పెట్టినా గోడ లోపల్నే ఉంటది గద అంకుల్. గోడ లోపల ఉన్నయన్నీ లెక్కనే అని మీరే రాసిండ్రు." నేను గీత గీసిన వాక్యాన్ని స్క్రీను మీద వేలితో చూపించాడు. "గ్యాస్ పొయ్యి గూడ అంతే. అది గూడ కాలుతది గద."

నేను జీవితమంతా ఇతరులకు చేసిందే అతను నాకు చేశాడు. నా మాటనే నా ముందు పెట్టి, దిద్దాడు.

మూడో రోజు ప్లంబరు వచ్చి పైపు కోశాడు. వాచ్‌మన్ కూతురు పక్కనే నిలబడి కోయించింది. గల్లీ ఆడవాళ్లు గేటు దగ్గర గుమిగూడారు.

"నీ అయ్య పోసిన నీళ్లే. నువ్వెవరివే బంద్ జేసేతందుకు?"

"కార్లోళ్లకు ముసుగులు కుట్టి కుట్టి నీ కండ్లకే ముసుగేసుకున్నవ్!"

వాచ్‌మన్ కూతురు లోపలికి వెళ్లి, పొయ్యి రాళ్లు మూడూ తీసి, గోడ అవతల పెట్టి వచ్చింది. గల్లీ చివరే ఉండే పెద్దామె అటు గేటు దగ్గర గల్లీ మనిషిగానూ నిలబడలేదు, ఇటు షెడ్డు మనిషిగానూ నిలబడలేదు. మిషను ముందు కూర్చుని అడిగింది. "రేపట్నుంచి ఏం తినాలె?"

"డబ్బలు తెచ్చుకోండ్రి," అంది వాచ్‌మన్ కూతురు.

అప్పటి నుంచి ఏడు ఇళ్లలో తెల్లవారక ముందే ఏడు పొయ్యిలు వెలిగాయి. ఒక్క గిన్నెకు కాలే చెక్క ముక్కల బదులు ఏడు పొయ్యిల గ్యాసు కాలింది. మధ్యాహ్నం ఏడుగురూ ఏడు మూలల్లో చల్లారిన డబ్బాలు తెరుచుకున్నారు. మూత కింద ఏముందో ఎదుటివాళ్లకు కనబడకుండా తినడం నేర్చుకున్నారు. పెద్దామె ప్రార్థన కోసం ఎవరూ ఆగడం లేదు. గల్లీకి నీళ్ల ట్యాంకరు రావడం మొదలైంది. డీజిల్ తాగి నల్లగా కక్కుతూ గల్లీ మొదట్లో గంటసేపు గురగురలాడేది. ఆ పొగ ఎవరి లెక్కలోకీ రాదు. గోడ బయట ఉంది కదా.

నేను కంపెనీ పెద్ద రిపోర్టు సంపాదించి, రీడింగ్ రూములో భూతద్దం పెట్టుకుని చదివాను. కార్లు చేసే కంపెనీ పుస్తకంలో కార్ల బొమ్మల కన్నా ఆకుల బొమ్మలే ఎక్కువ. ఫలానా సంవత్సరానికి తమ పొగ సున్నా అవుతుందని మొదటి పేజీలోనే ప్రమాణం. ఆ సంవత్సరానికి సంతకం పెట్టినవాడు ఆ కుర్చీలో ఉండడు, చదివిన నేను భూమ్మీద ఉండను. మాట తప్పితే నిలదీయడానికి ఇద్దరిలో ఒక్కడూ మిగలని గడువు చూసి మరీ పెట్టారు. వెనక పేజీల్లో చీమ తలకాయంత అక్షరాల్లో అసలు సంగతి ఉంది. తమ లెక్కలో ఎక్కువ భాగం అమ్మిన కార్లు రోడ్డు మీద తిరగడం వల్లనేనట, అది కొన్నవాళ్ల అలవాట్ల మీద ఆధారపడి ఉంటుందట. కొన్నవాడి అలవాటు జోలికి పోరు. మా ఏడుగురి అలవాటు దొరికింది వాళ్లకు.

ఎండాకాలం మొదట్లో యూనివర్సిటీలో ఒక హాలు అద్దెకు తీసుకుని కంపెనీ సభ పెట్టింది. భూమికి మా మాట అని బయట బ్యానరు. హాలు మెట్ల ముందు వాళ్ల కారు నిలబెట్టి ఉంది. ముఖ్య అతిథి తిరిగొచ్చేసరికి లోపల చల్లగా ఉండాలని, డ్రైవరు ఇంజను ఆపకుండా కూర్చున్నాడు. సభ జరిగినంతసేపూ అది అలాగే నడుస్తూ ఉంది. విద్యార్థులను బస్సుల్లో కాకుండా క్లాసుల్లోంచే తోలుకొచ్చారు, భోజనం ఉందని చెప్పి. మా షెడ్డు ఆడవాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టారు. చీరల మీద కంపెనీ టీషర్టులు తొడిగించారు. వాచ్‌మన్ కూతురు వేదిక మీద, మెడలో శాలువాతో ఉంది.

నన్ను ఎవరూ పిలవలేదు. నేనే వెళ్లాను. ఆ క్యాంపస్‌లో నన్ను ఆపే గేటు ఇంకా పుట్టలేదు.

ఆఫీసరు తెర మీద రెండు ఫోటోలు వేశాడు. ఒకదాంట్లో మూడు రాళ్ల పొయ్యి, మసి పట్టిన గోడ, నల్లటి గిన్నె. రెండోదాంట్లో అదే మూల, తెల్ల సున్నం, కుండీలో మొక్క.

"మహిళలు నడిపే ఒక చిన్న యూనిట్. ఒక్క ఏడాదిల తమ కార్బన్ సగం కన్న ఎక్కువ తగ్గించిండ్రు," అన్నాడు. "వీళ్లు చేయగలిగితే ఎవరైనా చేయగలుగుతరు."

చప్పట్లు. నేను లేచాను. వాచ్‌మన్ కూతురు నన్ను చూసింది. శాలువా అంచు పట్టుకున్న చేత్తోనే కూర్చోమని సైగ చేసింది. రెండుసార్లు చేసింది. ఆ సైగ నాకు కనబడింది. కనబడలేదని ఇక్కడ రాసుకుంటే ఎవరూ పట్టుకోలేరు. కనబడింది. అయినా మాట్లాడాను.

"సార్, ఆ గిన్నెల ఏం ఉడికేదో చెప్పుండ్రి."

"అంకుల్, క్వశ్చన్స్ చివర్ల..."

"ఏడుగురి అన్నం ఉడికేది. గిప్పుడు ఉడుకుత లేదు. గా తగ్గిన సగంల గల్లీ నీళ్లున్నయి. కోసేసిన పైపున్నది. ముసుగులు కుట్టే మిషన్లల్ల ఒక్క సూది గూడ తక్కువ తిరుగుత లేదు. బయట మీ కారు గంట నుంచి ఉత్తగనే ఇంజను నడుపుతున్నది, ముందు గది ఆపుండ్రి!"

వెనక వరుసల్లో ఈలలు. బల్లలు చరిచారు. ఎవరో "తాతా, ఇంకో రౌండు!" అని అరిచారు. ఫోన్లు నా వైపు తిరిగాయి. చెప్పొద్దూ, ఒళ్లంతా వెచ్చబడింది. ఆఫీసరు ముఖం మాడిపోయింది. నా ఆస్తిలో ఇంకో ముఖం. అది చూస్తూ పక్కనున్న ముఖం చూడలేదు. వేదిక మీద వాచ్‌మన్ కూతురు శాలువా తీసి, మడతపెట్టి, ఒళ్లో పెట్టుకుందని తర్వాత పెద్దామె చెబితే తెలిసింది.

వీడియో ఊరంతా తిరిగింది. తార్నాకలో చాయ్ తాగుతుంటే తెలియనివాళ్లు నాకు దండం పెట్టారు. వారం తిరగకుండా షెడ్డుకు బట్ట రావడం ఆగిపోయింది. సమాచారంలో తేడాలున్నాయని, విచారణ అయ్యేదాకా ఆర్డరు నిలిపామని కాగితం వచ్చింది. విద్యార్థులు అప్పటికే ఇంకో వీడియో చూసుకుంటున్నారు. షెడ్డులో ఏడుగురు ఖాళీ మిషన్ల ముందు కూర్చుని, సాయంత్రం దాకా ఎదురుచూసి, తాళం వేసుకుని వెళ్లారు. ఒకరోజు కాదు, నెల పైనే.

ఒక మధ్యాహ్నం వాచ్‌మన్ కూతురూ ఆఫీసరూ కలిసి నా గదికొచ్చారు. ఆమె నిలబడే ఉంది. అతను నా మంచం మీద కూర్చుని ఒక కాగితం తీశాడు.

"అంకుల్, లైట్ తీస్కోండి. ఒక్క సంతకం. ఆర్డర్ మల్ల షురూ అయితది."

చదివాను. నేను వయసు మీద పడినవాణ్ణట. జ్ఞాపకశక్తి సరిగా లేదట. ఆ రోజు అపార్థం చేసుకుని మాట్లాడానట. గల్లీవాళ్లు తమ ఇష్టంతోనే పైపు వదులుకున్నారట. పొయ్యి తీసింది పనివాళ్ల ఆరోగ్యం కోసమట.

"నా జ్ఞాపకశక్తి సరిగ్గ లేదా?" అన్నాను. "నిన్ను మొదటిపారి షెడ్డుల చూసిన నాడు నువ్వు ఏ రంగు చొక్కా ఏస్కున్నవో చెప్పాల్నా?"

"వద్దంకుల్," అన్నాడు ఆఫీసరు.

"గిదంత అబద్ధం బిడ్డా," అన్నాను వాచ్‌మన్ కూతురితో.

"అవు. అబద్ధమే," అంది. గొంతు పెంచలేదు. "నిజం రాసేతందుకు నీకేం పోయింది పెద్దనాయినా? నీకు పింఛను ఆగిందా? నీ నల్ల నీళ్లు బంద్ అయినయా? నువ్వు ఫారంల నిజం రాస్తే మా పొయ్యి పోయింది. సభల నిజం చెప్తే మా పనే పోయింది. మా బాపుకు మెమో ఇప్పిచ్చిన నాడు గూడ నువ్వు నిజమే రాసినవ్. గా నెలంత ఇంట్ల ఆయన ఎవ్వరితోని మాట్లాడలే. నీకు మాత్రం సర్వపిండి తెచ్చిండు. ఎందుకో ఎరికేనా? రిజిస్టరు మల్ల ఏనాడు నీ చేతికొస్తదో అని భయం."

నేను ముప్పై ఏళ్లుగా దాచుకున్న ఒక నవ్వు అర్థం మారిపోయింది. దిద్దింది వాచ్‌మన్ కూతురు. దిద్దించుకున్న ముఖం నాది.

పెన్ను నా చేతికి ఆమే ఇచ్చింది. సంతకం పెట్టాను. ఏళ్ల తరబడి ప్రతి రిజిస్టరులోనూ పెట్టిన సంతకం, అలవాటు మీద గుండ్రంగా పడింది.

"ఫైలుకు ఒక ఫోటో కావాలె అంకుల్," అన్నాడు ఆఫీసరు ఫోను ఎత్తి. "కాయితం జెర పైకి పట్టుండ్రి. కొంచెం నవ్వుండ్రి, బలవంతంగ పెట్టిచ్చినట్టు ఉండొద్దు."

అతను మెట్లు దిగిపోయాక ఆమె గుమ్మంలో ఆగింది. "ఇగ మా షెడ్డు దిక్కు రాకు పెద్దనాయినా," అంది. తలుపు దగ్గరికి వేసి వెళ్లిపోయింది.

ఆర్డరు తిరిగొచ్చింది. ఇంతకు ముందు కన్నా పెద్దదే వచ్చిందని విన్నాను. కొత్తగా ఇద్దరు ఆడవాళ్లను తీసుకున్నారట. వాళ్లకు ఒకప్పుడు ఒకే గిన్నెలో అన్నం ఉడికేదని ఎవరూ చెప్పి ఉండరు.

మరుసటి ఏడు రిపోర్టు వచ్చినప్పుడు మళ్లీ రీడింగ్ రూముకు వెళ్లి చదివాను. మా షెడ్డు గురించి నాలుగు వాక్యాలు, కుండీలో మొక్క ఫోటో. వెనక, స్థానికుల నుంచి వచ్చిన ఫిర్యాదులు అని ఒక చిన్న పట్టిక ఉంది. మన దేశం వరుసలో, వచ్చినవి ఒకటి, పరిష్కరించినవి ఒకటి అని ఉంది.

షెడ్డు దిక్కు రావద్దంది, గల్లీ మొదటికి రావద్దనలేదు. ఆ సాయంత్రమే లాలాపేట్ వెళ్లాను. ట్యాంకరు ఆగి ఉంది. పెద్దామె రెండు బిందెలతో వరుసలో నిలబడి ఉంది. పని నుంచి అప్పుడే వచ్చినట్టుంది, చేతులకు గాజులు లేవు. ఆమెకు పట్టిక సంగతి చెప్పాను.

"ఎవరి ఫిర్యాదంట?" అని అడిగింది.

"నాది."

"పరిష్కారం అయిందంటనా?"

"అయిందని రాసుకున్నరు."

నన్ను కింది నుంచి పైకి చూసింది.

"నీకేం కష్టమొచ్చె పెద్దమనిషీ ఫిర్యాదు జేసేతందుకు? తార్నాకల నీ నల్ల మంచిగనే వస్తది గద," అంది. వరుస కదిలింది. "జెర పక్కకు జరుగు, బిందె తగుల్తది."

జరిగాను.